గుమ్మెట తగ్గే చోటు

సంగీత సభలలో శబ్దాన్ని సరిచేసేవారు వాడే 'కంప్రెషన్' అనే మాటకు తెలుగు చెప్పబోతే మొదటి అడుగులోనే చిక్కు ఎదురవుతుంది. ధ్వని తరంగంలో సంపీడనాలు, విరళీకరణాలు ఉంటాయని బడిలో చదువుకున్నాం; అది గాలి సంగతి. పాటల దస్త్రాన్ని ఎంపీత్రీగా చిన్నది చేయడాన్నీ కంప్రెషన్ అనే అంటారు. అది గణకం సంగతి. సభలో మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చేసేది ఈ రెండూ కాదు. హద్దు మీరిన పెద్ద శబ్దాన్ని కొంత అణచి, అలా దొరికిన జాగాలో మొత్తాన్నీ పైకెత్తి, చిన్న శబ్దం కూడా వినబడేట్టు చేయడం అతని పని. పెద్దకూ చిన్నకూ నడుమ ఉన్న ఎడాన్ని తగ్గించడమన్నమాట. ఈ వ్యాసంలో దానిని 'కుదింపు' అంటాను. ఇంతకంటే మంచి మాట దొరికితే మార్చుకోవడానికి అభ్యంతరం లేదు.

ఇది యంత్రంతో పుట్టిన విద్య అనుకుంటాం గాని, యంత్రం రాకముందే మన రంగస్థలానికి ఈ అవసరం తెలుసు. నర్సీపట్నం ప్రాంతంలోని ఎస్. రాయవరం, అంటే సర్వసిద్ధి రాయవరం, గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరు. 1862లో మేనమామగారింట ఆయన జన్మించారు. ఆయన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడింది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకమన్నంతగా మారి మళ్ళీ వెలువడింది. పద్యాల మీద కాక వాడుకమాట మీద నడిచే నాటకమది. అరుపులూ ఉన్నాయి, గొణుగుడూ ఉంది, పక్కవాడికి తెలియకుండా అనుకొనే మాటలూ ఉన్నాయి. మైకు లేని ఆ రోజులలో స్వగతం చెప్పే నటుని కష్టం ఊహించండి. ఆ మాట పక్కన నిలుచున్న పాత్రకు వినబడనట్టు ఉండాలి, చివరి వరుసలోని ప్రేక్షకునికి మాత్రం స్పష్టంగా వినబడాలి. అది గొణుగుడు కాదు, గొణుగుడు రూపంలోని గట్టిమాట. కోపంతో అరిచేటప్పుడు సైతం గొంతు పగలనీయకుండా కొంత పట్టి ఉంచుకోవాలి. చిన్నదాన్ని ఎత్తడం, పెద్దదాన్ని పట్టి ఉంచడం: కుదింపు అంటే ఇదే. చేసింది నటుని ఊపిరి.

బుర్రకథలో ఈ పనినే ముగ్గురు పంచుకుంటారు. కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతాడు. ఇరుపక్కలా వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కథకుడు వచనం అందుకోగానే గుమ్మెట మెత్తబడుతుంది. వాక్యం ముగిసి వంత పలికే చోట మళ్ళీ లేస్తుంది. షేక్ నాజర్ (1920-1997) వంటి కళాకారులు వేలాది జనానికి కథ వినిపించగలిగారంటే అందులో కంఠబలం ఎంత ఉందో, వాద్యం తగ్గవలసిన చోట తగ్గడమూ అంతే ఉంది. ఆయన చెప్పిన కథలలో అల్లూరి సీతారామరాజు కథ ఒకటి. ఆ వీరుని సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ నర్సీపట్నం ప్రాంతానిదే. గుమ్మెట మాటకు దారి ఇస్తుంది. దీనిని మనసులో పెట్టుకోండి, మళ్ళీ పనికివస్తుంది.

యంత్రం ఈ పనిలోకి వచ్చింది రేడియో మూలంగా. మీడియంవేవ్ ప్రసారంలో గొంతు ఒక హద్దు దాటితే ప్రసారమే చెడిపోతుంది, మరీ తగ్గితే గరగరలో కలిసిపోతుంది. మీట మీద చెయ్యివేసి ఎంత జాగ్రత్తగా కూర్చున్నా, నటుడు హఠాత్తుగా అరిస్తే మనిషి చెయ్యి అంత వేగంగా కదలదు. 1937లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ తెచ్చిన 110 అనే యాంప్లిఫయరు ఆ పని తనంతట తానే చేసింది. మరుసటి ఏడు, 1938లో, మద్రాసు ఆకాశవాణి మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. హద్దుకూ గరగరకూ మధ్యనున్న ఇరుకు సందులోంచి మాటను దాటించడమనే ఇబ్బంది లోకంలోని ప్రసారకేంద్రాలన్నిటికీ ఒకటే. 1960లలో జేమ్స్ లారెన్స్ అనే రేడియో ఇంజనీరు చేసిన ఎల్‌ఏ-2ఏ పరికరం మరీ ముచ్చటైనది. లోపల ఒక చిన్న వెలుగుపలక, దాని ఎదుట వెలుగును గుర్తించే కణం ఉంటాయి. గొంతు పెరిగితే పలక వెలుగుతుంది, వెలుగు పెరిగితే శబ్దం తగ్గుతుంది. వెలుగు సోకిన కణం నెమ్మదిగా తేరుకుంటుంది కనుక ఆ తగ్గడం, పెరగడం చెవికి సహజంగా తోస్తాయి. ఆనాటి యంత్రాలన్నీ మాట కోసం, పాట కోసం పుట్టినవే.

మైకు గాయకుణ్ణి కూడా మార్చింది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకొని వచ్చిన ఘంటసాల, రంగస్థలం మీద సుదీర్ఘంగా సాగే పద్యాలాపనను కుదించి, అర్థం చెడకుండా, మెల్లని గొంతులో సైతం పద్యం పాడవచ్చునని సినిమాలో చూపించారు. చివరి వరుసను అందుకొనే భారం మైకు మోస్తే గొంతుకు భావం మోసే తీరిక దొరికింది. కుదింపు చేసిన మేళ్ళలో ఇది పెద్దది.

తరువాత విద్యుత్ వాద్యాలు వచ్చాయి. 1980లో రోలాండ్ వారి టీఆర్-808 తాళయంత్రం వచ్చింది. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇటువంటి యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళంతో వాయించి రికార్డు చేశాడు. 1985లో అదే సంస్థ ఆక్టాపాడ్‌ను తెచ్చింది. మన పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో సినిమాపాటలు పాడే ఆర్కెస్ట్రాలలోకి కీబోర్డుతోపాటు ప్యాడ్లూ చేరాయి. ఇక్కడ లెక్క తిరగబడింది. డప్పు మీద పడే ప్రతి దెబ్బా వేరు. దానికి కుదింపు అవసరం. యంత్రంలోని దెబ్బ స్టూడియోలో ముందే కుదించి దాచినది. దానిని సభలో మళ్ళీ కుదిస్తే దక్కేది స్పష్టత కాదు, అలసట.

పనితీరు కొంచెం చెప్పుకోవాలి. హద్దు దాటిన 8 డెసిబెళ్ళను 2 చేస్తే దానిని నాలుగుకు ఒకటి అంటారు. అణచడం ఎంత త్వరగా మొదలుకావాలో ఒక మీట, ఎంత త్వరగా వదలాలో మరొక మీట. దెబ్బ పడగానే అణిస్తే దరువు మొనపోతుంది. క్షణంలో కొద్ది వంతు ఆగి అణిస్తే మొన నిలిచి, వెనకటి మోత మాత్రం తగ్గుతుంది. స్టూడియోలో లేని ప్రమాదం ఒకటి సభలో ఉంది. అణచిన తర్వాత మొత్తాన్ని ఎత్తినప్పుడు గాయకుని మైకు స్పీకర్ శబ్దాన్ని కూడా అంతే ఎక్కువగా అందుకుంటుంది, కూత పెడుతుంది. అందుకే అనుభవజ్ఞులు గొంతును మితంగా కుదిస్తారు, ముందే కుదించిన యంత్రవాద్యాన్ని దాని మానాన వదిలేస్తారు, మొత్తం మీద మాత్రం స్పీకర్లను కాపాడటానికి ఒక చివరి హద్దు పెడతారు.

ఇదే పరికరానికి ఇంకొక ఉపయోగం ఉంది. ఒక వాద్యం మోగినప్పుడు మరొకటి తగ్గేటట్టు రెండింటినీ ముడివేయవచ్చు. రేడియోలో వ్యాఖ్యాత నోరు విప్పగానే వెనుక సంగీతం తగ్గడం ఈ పద్ధతే. అంటే బుర్రకథ పద్ధతి. నృత్యశాలల ఎలక్ట్రానిక్ సంగీతం దానిని తలకిందులు చేసింది. అక్కడ పెద్ద డ్రమ్ము పడిన ప్రతిసారీ తీగెలు, స్వరాలు, ఒక్కొక్కప్పుడు గొంతు కూడా, తగ్గి మళ్ళీ ఉబుకుతాయి. ఫ్రాన్సుకు చెందిన డాఫ్ట్ పంక్ జంట వంటివారు దానినే ఒక అందంగా మలిచారు. ఆ ఉబుకు మీద కాళ్ళు వాటంతటవే కదులుతాయి, కాదనలేం. కాని అక్కడ దారి ఇచ్చేది మాట, తీసుకొనేది దరువు. నృత్యానికి అది సరిపోతుంది. కథ చెప్పే పాటకు, ముఖ్యంగా పేరూ ఊరూ వలసా చావూ చెప్పుకొనే మన ఉత్తరాంధ్ర జానపదానికి, అదే కొలత తొడిగితే పాటలో దరువు మిగిలి కథ పోతుంది.

ఊరేగింపు లారీ మీది డీజేలో ఈ వరస చివరికి చేరింది. పాట స్టూడియోలో ఒకసారి కుదిసింది, మిక్సర్‌లో హద్దుమీరి రెండోసారి, యాంప్లిఫయరులో మూడోసారి. శిఖరం ఎప్పటిదే, లోయలు మాత్రం పూడిపోయాయి. దీనివల్ల నష్టం లెక్కకు అందేదే. సగటు 3 డెసిబెళ్ళు పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది. 85 డెసిబెళ్ళను రోజుకు 8 గంటలు భరించవచ్చుననే కొలత ప్రకారం, 88కి 4 గంటలే, 100కు 15 నిమిషాలే. శిఖరాలను కదపకుండా లోయలను పూడ్చి సగటును 6 డెసిబెళ్ళు పెంచితే శక్తి నాలుగింతలు, చెవికి ఉన్న గడువు నాలుగోవంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు సూచించిన పరిమితి 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెళ్ళు. నిశ్శబ్దంగా కూర్చోవడానికి వేరే చోటు కూడా ఉండాలని ఆ సంస్థే చెప్పింది.

మన దేశపు 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 అని నిర్ణయించాయి. అయితే ఆ కొలతకు వాడే 'ఏ' తూకం మంద్రధ్వనిని బాగా తక్కువగా లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర సుమారు 26 డెసిబెళ్ళు తగ్గించి చూపుతుంది. కిటికీ తలుపులను, గుండెలను అదరగొట్టేది సరిగ్గా ఆ మంద్రమే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. నిషేధం అవసరమై ఉండవచ్చు. నిషేధంతో మంచి మిక్సింగ్ మాత్రం పుట్టదు.

ఈ కథ పొడుగునా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారు? స్వగతంలో నటుని అరుపు అతని గొణుగుడుకు దారి ఇచ్చింది. బుర్రకథలో గుమ్మెట మాటకు ఇచ్చింది. రేడియోలో యంత్రం గొంతుకు ఇచ్చింది. నృత్యశాలలో గొంతు దరువుకు ఇచ్చింది. లారీ ముందు ఊరంతా తప్పుకుంటోంది. మీటలు ఇవే, పరికరం ఇదే. దానిని ఎటు తిప్పాలన్నది మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చేతిలో ఉంది. అతడు వినవలసింది ముందు పాటలోని మాటను. అది తెలిస్తే గుమ్మెట ఎక్కడ తగ్గాలో అతనికి వేరే చెప్పనక్కరలేదు.