తులసమ్మ గెలుచుకున్న ఆస్తి

భర్త పోతే ఆయన ఆస్తి ఎవరిదని అడిగితే మనలో చాలామంది "ఇంకెవరిది, పిల్లలదే" అనేస్తాం. "నాక్కూడా వాటా ఉంది" అనడానికి నోరు రాదు. ఆ మొహమాటం వెనక చాలా చరిత్ర ఉంది.

పూర్వం హిందూ ఉమ్మడి కుటుంబంలో మగవాడు పోతే అతని వాటా ఇంట్లో మిగిలిన మగవాళ్లకే చేరేది. భార్యకు దక్కేది మనోవర్తి. అంటే తిండి, బట్ట, తలదాచుకోను ఇంత చోటు. 1937లో వచ్చిన చట్టం భర్త వీలునామా రాయకుండా పోతే భార్యకూ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ అందులో ఒక మెలిక. బతికున్నన్నాళ్లు అనుభవించాలి, తప్పనిసరి అవసరం వస్తే తప్ప అమ్మకూడదు. ఆమె పోయాక అది తిరిగి భర్త వారసులకే వెళ్లేది.

1956 హిందూ వారసత్వ చట్టం ఆ మెలిక విప్పింది. భర్త వీలునామా లేకుండా పోతే ఆయన ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లికి తలా ఒక సమాన వాటా. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అని 14వ సెక్షన్ చెప్పింది.

కాగితం మీది ఆ మాట నిజమని తేలడానికి మన నెల్లూరు ఆడపడుచు ఒకామె సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. తులసమ్మ భర్త 1931లో పోయారు. మనోవర్తి కోసం ఆమె 1944లో కోర్టుకెళ్లారు. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు. బతికినంతకాలం అనుభవించడానికే, అమ్మే హక్కు లేదని రాసుకున్నారు. కొత్త చట్టం వచ్చాక ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మారు. భర్త సవతి సోదరుడు దావా వేశారు. పత్రంలోనే పరిమితి పెట్టి ఇచ్చిన ఆస్తికి సంపూర్ణ హక్కు రాదని ఆ 14వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. ఆ మాట పట్టుకుని వాదించారు. హైకోర్టులో తులసమ్మ ఓడిపోయారు.

1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మనోవర్తి ఎవరో దయతలచి పెట్టేది కాదు, అది భార్యకు ముందునుంచీ ఉన్న హక్కు. దానికి బదులుగా వచ్చిన ఆస్తి కాబట్టి పత్రంలో ఏం రాసినా అది ఆమె సొంతమే అంది. భర్త పోయిన 46 ఏళ్లకు వచ్చిన మాట అది!

ఇవాళ మనకు అంత పోరాటం అక్కర్లేదు. అయినా కర్మకాండలు ముగియగానే "వదినా, ఇక్కడో సంతకం పెట్టు" అని హక్కు విడుదల పత్రం ముందుకు తోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లలకో, అత్తగారికో ఇష్టపడి ఇవ్వడం వేరు. ఇస్తున్నది మన వాటా అని తెలియకుండా ఇవ్వడం వేరు. దుఃఖంలో ఉన్నప్పుడు ఏ సంతకానికీ తొందరపడొద్దు. కాగితం చదవండి, చదివించుకోండి. ఎంత వదులుకుంటున్నారో తెలుసుకున్నాకే కలం పట్టుకోండి.