శిష్యత్వపు వెల – మన తెలుగు సంఘ చరిత్ర చెప్పే సాక్ష్యము



నూరేండ్ల పండుగ వేళ గుడి ఎప్పుడు కట్టారు, గంట ఎవరు ఇచ్చారు, గురువులు ఎవరెవరు వచ్చి వెళ్ళారు అని లెక్క వ్రాసుకోవడము మంచి ఆచారమే. అయితే లెక్కకు అందని ప్రశ్న ఒకటి ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరులో పేరున్న ప్రతివాడూ ప్రభువుకు శిష్యుడేనా?

దీనికి గుర్తులు ప్రభువే చెప్పి ఉన్నారు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూచుకొన్నట్లు, శిష్యుడు కాగోరువాడు వెల లెక్క చూచుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. ఆయన వాక్యములో నిలిచి ఉండడము రెండవ గుర్తు (యోహాను 8). ఒకరినొకరు ప్రేమించడము మూడవది (యోహాను 13). ఈ మూడు గుర్తులు పెట్టుకొని మన తెలుగు సంఘ చరిత్రను ఒకసారి చూద్దాము.

మొదట వెల సంగతి. 1866లో ఒంగోలులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందాడు. ఆయనది తాళ్ళకొండపాడు గ్రామము, తోళ్ళ వ్యాపారము. అంతకు మునుపే యోగ సాధన చేసి సత్యము కోసము వెదకిన మనిషి. ఆ ఏడే ఒంగోలుకు వచ్చిన జాన్ క్లఫ్ దొరగారు 1867 జనవరిలో తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, పేరయ్య, ఆయన భార్య నాగమ్మ చుట్టుప్రక్కల ఊళ్ళవారికి బోధించి సిద్ధపరచి ఉంచారు. శిష్యుడైనవాడు మొదట చేసిన పని మరికొందరిని శిష్యులుగా చేయడమే.

అలా వచ్చినవారు మూడు నియమాలకు ఒప్పుకోవలసి ఉండేది. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈనాడు వింటే ఇవి చిన్న మాటలుగా తోచవచ్చును. ఆనాడు మాదిగవారి బ్రతుకంతా ఆ మూడింటితో ముడిపడి ఉన్నది. జాతరలో డప్పు కొట్టడము, చచ్చిన గొడ్డును ఈడ్చడము, రైతు పిలిచిన రోజున పనికి వెళ్ళడము, వీటికి ప్రతిఫలముగానే కళ్ళములో వారికి గింజలు దొరికేవి. డప్పు కొట్టమన్నవారికి ఊళ్ళో వెలి తప్పలేదు. కనుక వారి విశ్వాసము నోటితో ఒప్పుకొని ఊరుకొన్నది కాదు. ఇంటిల్లిపాది నోటికాడి కూడుతో వెల కట్టినది.

ఇక్కడ మనము తరచుగా వినే నిందకు జవాబు చెప్పవలసి ఉన్నది. మీ తాతలు గంజి కోసము కలిసినవారేనని ఇప్పటికీ కొందరు ఎగతాళి చేస్తారు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును మహా కరువు పీడించింది. క్లఫ్ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసుకొని వేలాది మందికి పని చూపారు. వచ్చినవారందరికీ బాప్తిస్మము ఇవ్వదలిస్తే అంతకన్న అనువైన సమయము ఉండదు. ఆయన ఆ పని చేయలేదు. కూలి కోసము పేరు వ్రాయించుకొంటారన్న జాగ్రత్తతో సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపివేశారు. కాలువ పని ముగిసిన పిమ్మట, మాకు మీ డబ్బు వద్దు, బాప్తిస్మము కావాలని జనము పట్టుబట్టారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2వ తేదీన 614 మందికి, 3వ తేదీన 2,222 మందికి, 4వ తేదీన 700 మందికి బాప్తిస్మము జరిగింది. ఆకలి వారిని తెచ్చి ఉండవచ్చును. కాని ఆకలికి కూలి దొరికే దినాలు దాటిన తరువాత కూడ వారిని నిలిపినది వేరొకటి.

మూడవ గుర్తు ప్రేమ. ఈ విషయములో నైజాము రాజ్యములోని దోర్నకల్లు వైపు చూడాలి. వేదనాయకం సామ్యూల్ అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు దోర్నకల్లే ఆయన పరిచర్య స్థలము. బాప్తిస్మము పొందిన ప్రతివారిచేత తమ తలపై చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అన్న పౌలు భావమును పలికించేవారు. శిష్యత్వమంటే గురువులకే కాదు, పొలములో కూలివానికీ అప్పగించిన పని అని ఆయన నమ్మకము. మాలలు, మాదిగలు వేరు వేరుగా కూర్చునే సంఘము క్రీస్తు సంఘము కాదని, ఒకే బల్ల యొద్దకు అందరూ రావాలని బోధించారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గాలను సైతము వ్యతిరేకించారు. సంఘము మరొక కులముగా గడ్డకట్టిపోరాదని ఆయన భయము. ఆ భయము అక్కరలేని దినము వచ్చిందని పెండ్లి సంబంధాలు చూసుకొనేటప్పుడు మనలో ఎందరము గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పగలము?

మనము ఉస్మాన్‌గంజ్ వారము. గంజ్ అంటేనే ధాన్యపు అంగడి. బస్తా మీద ముద్ర చూసి ఎవరూ బేరము కుదుర్చుకోరు, మచ్చు తీసి అరచేతిలో పోసుకొని చూస్తారు. మన మచ్చు ఎలా ఉన్నది?

వెల చెల్లించే దినాలు గతించాయని అనుకోరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను దాదాపు హిందువులకే పరిమితము చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు మాత్రము అది నేటికీ లేదు. మన రాష్ట్రములో వారిని వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఉంచారు. అందువలన ఆదివారము ఒక పేరు, సర్టిఫికెట్టులో మరొక పేరు పెట్టుకొని బ్రతికే కుటుంబాలు ఉన్నవి. పిల్లవాని చదువు, ఉద్యోగము ఒక ప్రక్క, ప్రభువు పేరు మరొక ప్రక్క నిలిచినప్పుడు తల్లిదండ్రులు పడే వేదన మనము ఎరిగినదే. వారిని తప్పుపట్టడానికి మేము ఈ మాట వ్రాయడము లేదు.

మేము చెప్పదలచినది ఇది. తాళ్ళకొండపాడు చుట్టుప్రక్కలవారు ఒక్కొక్కరుగా రాలేదు. కుటుంబాలుగా, గూడెములుగా వచ్చారు. వెలి వచ్చినప్పుడు ఆ భారము ఒక్క ఇంటి మీద పడలేదు, గూడెమంతా పంచుకొన్నది. ఈనాడు మనము శిష్యత్వపు వెలను ఎవరికి వారే చెల్లించుకోమని వదలివేసి, ఆదివారము మాత్రము కలిసి పాడుతున్నాము. నిజము చెప్పి నష్టపోయిన యువకుని ఫీజు సంఘము కడుతున్నదా? కులము చూడక పెండ్లి చేసుకొన్న జంటను మనలో ఎన్ని ఇండ్లు భోజనానికి పిలిచాయి? పండుగ కానుకలలో కొంత భాగమైనా ఇందుకు ప్రత్యేకిస్తే, అది నూరేండ్ల పండుగకు తగిన జ్ఞాపక చిహ్నము కాగలదు.

సిలువ ఎత్తుకొనుమని ప్రభువు ప్రతివానితోను చెప్పారు. ఒకరి భారములు ఒకరు మోయవలెనని అపొస్తలుడు సంఘమంతటికీ వ్రాశాడు. ఈ రెండు మాటలను కలిపి చదివినవారే మన పెద్దలు. వారి వలె చదువుటకును, చదివినట్లు నడుచుటకును ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.