నీరు ముందా, రైలు ముందా?



ఒక రాజ్యము ఏటేట పండించుకొని తినునది వేరు. రాతిలోను ఇనుములోను పాతిపెట్టి ముందు తరములకు మిగుల్చునది వేరు. ఈ రెండవదానికే అర్థశాస్త్రమున స్థిర మూలధనమని పేరు. తెలుగుసీమ నిజాము రాజ్యమనియు, మదరాసు రాజధానియనియు రెండుగా చీలియున్న కాలమున ఈ ధనమును ఎవరెట్లు నిలిపిరో పోల్చి చూతము.

రూపాయలను మాత్రము కూడి చూచినచో మోసపోవుదుము. నిజాముగారి హాలీ సిక్కాలు ఏడైనగాని కల్దారు రూపాయలు ఆరు కావు. అదియునుగాక, 13వ శతాబ్దిలో కాకతీయులనాడు త్రవ్విన రామప్ప, పాకాల చెరువులను ఏ పద్దున వ్రాయుదుము? కావున మొత్తముకంటె వరుస ముఖ్యము.

1833లో గుంటూరు సీమను కరవు నాశనము చేసెను. పిమ్మట 1847లో కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్టకు పూనుకొనెను. 1852లో అది ముగిసెను. 1855 నాటికి బెజవాడ యానకట్టయు సిద్ధమయ్యెను. కుంపిణీవారు ధర్మబుద్ధితో కట్టించిరని యెవరును భ్రమపడరాదు. నీరు పారిన పొలమునకు శిస్తు పెరుగును. ఆ లెక్క వారికి కంఠోపాఠము. అయినను శిస్తు పోగా మిగిలినది కొంత రైతు గాదెలోనే నిలిచెను. గోదావరిపై రైలు వంతెన 1900లో గాని రాలేదు.

ఇచ్చట వరుస తలక్రిందు. సర్కారు సీమలో ఆనకట్టలు లేచుచున్న 1853లోనే, కుంపిణీ సైన్యపు బాకీలక్రింద నిజాము బీరారును వదలుకొనవలసి వచ్చెను. అప్పులలో మునిగిన ఖజానా నదులకు కట్టలెట్లు కట్టును? సాలారుజంగు దివానుగా ఉన్నప్పుడు 1874లో వాడినుండి మన సికిందరాబాదునకు రైలు వచ్చెను. 1883లో లండనున కంపెనీ యొకటి యేర్పడెను. రైలు లాభించినను లేకున్నను ఇరువదియేండ్లు నూటికి ఐదు వంతున వడ్డీకి నిజాము ఖజానా పూచీపడెను. నష్టము మనది, నిశ్చింత వారిదన్నమాట! చాందా రైలు పథకమును ఎదిర్చినందులకు సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయులు ఆ యేటనే రాజ్యబహిష్కృతులైరి. 1889లో పట్టాలు బెజవాడకు చేరెను. ఇల్లెందు బొగ్గు బండ్లకెక్కి తరలిపోయెను. తెలంగాణపు రైతు మాత్రము వానకొరకును, గండిపడిన చెరువుకొరకును ఎదురుచూచుచునే యుండెను.

రైలు పోయి ధనమును తెచ్చునని కొందరందురు. నీరు లేని పొలమున బండికెత్తుటకేమున్నది? వరుసయే ఫలమును నిర్ణయించినదని నా యభిప్రాయము.

నవాబు అలీ నవాజుజంగు పర్యవేక్షణమున 1923లో మొదలైన నిజాంసాగరము 1931లో ముగిసెను. ఈ నడుమ, 1930 ఏప్రిలు 1వ తేదీన, రైలును సైతము నిజాము ప్రభుత్వము కొనివేసెను. మంజీర నీటితో చెరకు పెరిగెను. 1937లో బోధనున చక్కెర కర్మాగారము లేచెను. నీటివెంట యంత్రము వచ్చిన తీరిది. ధవళేశ్వరమునకును నిజాంసాగరమునకును నడుమ డెబ్బదితొమ్మిదేండ్లు గడచెను. ఆ యెడమును తరువాతి తరములవారు తీర్చవలసివచ్చెను.

ఈ రెండు ప్రభుత్వములును తుదకొక్క నదియొద్ద కలిసికొన్నవి. 1945 ఫిబ్రవరిలో తుంగభద్రకు ఆ దరిని నిజాము పక్షమువారును, ఈ దరిని మదరాసువారును శంకుస్థాపనము గావించిరి. 1953లో నీరు వదలునాటికి నిజాము పాలన ముగిసి అయిదేండ్లయినది.