కొత్తవాడ నుంచి షోలాపూర్: ఒక్క రాత్రి ఆగాల్సిన ఊళ్ళో 150 ఏళ్ళు

ఇవాళ్టి ముచ్చట ఒక దారి గురించి. వరంగల్ నుంచి బొంబాయి పోయే దారి.

మీరూ మీ దోస్తూ కార్లో బయల్దేరారు అనుకోండి. హైదరాబాద్, జహీరాబాద్ దాటి, కర్ణాటక ముక్క ఒకటి దాటి మహారాష్ట్రలోకి వస్తారు. దాదాపు 450 కిలోమీటర్ల దగ్గర షోలాపూర్ తగులుతుంది. బోర్డులన్నీ మరాఠీ. తెలిసినోళ్ళు ఎవరూ లేరు. ఈ రాత్రికి ఇక్కడే ఆగుదాం అనుకుంటారు. కానీ ఊరికి తూర్పున పూర్వభాగ్ అనే ఏరియాలోకి పోయి చూడండి. గడప ముందు కూర్చున్న అవ్వలు తెలుగులో మాట్లాడుకుంటుంటారు. అది కూడా మన తెలంగాణ యాస. పక్కనే మార్కండేయుడి గుడి. వీళ్ళు ఇక్కడికి ఎట్లా వచ్చారు?

దీనికి జవాబు కావాలంటే మన కొత్తవాడ నుంచి మొదలుపెట్టాలి. వరంగల్‌లో కొత్తవాడ అంటే మగ్గాలు, జంపఖానాలు. పెద్ద వెడల్పు జంపఖానా అయితే ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీ పెట్టారు. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పేరుకు ఏ లోటూ లేదు. లోటంతా కూలీ దగ్గరే.

19వ శతాబ్దంలో ఏమైందంటే, మిల్లు బట్ట మార్కెట్‌ను ముంచేసింది. చేతి నేతకు గిరాకీ పడిపోయింది. దాని మీద 1876–78 కరువు. దక్కన్ అంతా ఎండిపోయింది. సరిగ్గా అదే రోజుల్లో, 1877లో షోలాపూర్‌లో పెద్ద స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వచ్చింది. అంటే అక్కడ మిల్లులో పని ఉంది, మగ్గానికి నూలు ఉంది, సరుకు బొంబాయికి చేర్చే రైలు ఉంది. నేత తెలిసిన చేతులు ఎటు పోతాయి? అటే పోయాయి. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి, పాలమూరు నుంచి పద్మశాలీలు కదిలారు.

ఇప్పుడు మనం ఒక్క పూటలో పోతాం. అప్పుడు? సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు 1874లోనే వచ్చింది గానీ, వరంగల్‌కు లైను పడింది 1886లో. అంతకు ముందు కాలినడక, లేదంటే ఎడ్లబండి. రోజుకు 30 కిలోమీటర్లు నడిచినా పదిహేను రోజుల ప్రయాణం. తోడు లేకుండా ఎవడు బయల్దేరతాడు చెప్పండి?

ఇంకో సంగతి. షోలాపూర్ అప్పట్లో వాళ్ళకు నిజంగానే పరాయి రాజ్యం. ఇటు నిజాం, అటు ఇంగ్లీషోళ్ళ బొంబాయి ప్రెసిడెన్సీ. ఇక్కడ రూపాయి హాలీ సిక్కా. అక్కడ చెల్లేది ఇంగ్లీషు రూపాయి. 1950లో లెక్క కట్టినప్పుడు మన 7 రూపాయలు వాళ్ళ 6 రూపాయలకు సమానం. అంటే సరిహద్దు దాటితే డబ్బు మారుతుంది, భాష మారుతుంది, చట్టం మారుతుంది. పాస్‌పోర్ట్ లేదు గానీ, మిగతాదంతా ఫారిన్ ట్రిప్పే.

అయినా భయం లేకుండా ఎట్లా పోయారు? ఇట్లాంటి వలసలు నడిచే పద్ధతి ఒక్కటే. మొదట ఒకడు పోతాడు. పని దొరికించుకుంటాడు. తర్వాత బావమరిదిని పిలుస్తాడు, వాడు దోస్తుని తీసుకొస్తాడు. కొత్తోడికి మొదటి రాత్రి పడుకోవడానికి చాప, తినడానికి ముద్ద, పొద్దున మగ్గం చూపించే మనిషి ఉంటే చాలు. పరాయి ఊరు సగం తగ్గిపోతుంది. మజిలీ కాస్తా మకాం అయిపోతుంది. కొందరు అక్కడ ఆగకుండా ఇంకా ముందుకు పోయారు. భివండీలో పద్మానగర్ అనే పేట ఉంది. బొంబాయిలో కామాఠిపురా అన్న పేరు వచ్చిందే నిజాం ఇలాకా నుంచి పోయిన తెలుగు కూలీల వల్ల. వాళ్ళను అక్కడ కామాఠీలు అనేవాళ్ళు.

షోలాపూర్ చద్దర్ మనందరి ఇళ్ళలో కప్పుకున్నదే కదా. ఆ చద్దర్ల వెనుక ఈ తెలుగు చేతుల కష్టం చాలా ఉంది. మగవాళ్ళు మగ్గాల మీద ఉంటే, ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టారు. తరాల తరబడి చుట్టినా సొంత ఇల్లు లేదు. నర్సయ్య ఆడం అనే నాయకుడు, పేరు వింటేనే మనోడని తెలుస్తుంది, అక్కడ సీపీఎం ఎమ్మెల్యే అయ్యాడు. ఈ బీడీ కార్మిక మహిళలతో కలిసి ఏళ్ళ తరబడి కొట్లాడాడు. ఫలితంగా 2006లో 10,000 ఇళ్ళ కాలనీ వచ్చింది. తర్వాత రే నగర్ పేరుతో 30,000 ఇళ్ళు మొదలుపెట్టి, 2024 జనవరిలో మొదటి 15,000 అప్పగించారు. తాతలు చాప అడిగిన ఊళ్ళో మనవరాళ్ళు ఇంటి తాళం తీసుకున్నారు. మధ్యలో 150 ఏళ్ళు పోయాయి.

ఇక మన వైపు చూద్దాం. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 1934లో వచ్చింది, చివరికి మూతపడింది. 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసినప్పుడు, సూరత్, భివండీ, షోలాపూర్ పోయినోళ్ళను వెనక్కి తెస్తాం అన్నారు. మాట మంచిదే. కానీ అక్కడ పుట్టి, మరాఠీలో చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే పిల్లకు వెనక్కి అంటే ఎటు? ఆమె సొంతూరు షోలాపూరే. వరంగల్‌కు వస్తే రాత్రికి ఎక్కడ ఆగాలో వెతుక్కోవాల్సింది ఆమే.

అందుకే ఒక్క పని చేయండి. ఇంట్లో తాతనో నానమ్మనో అడగండి, మనోళ్ళు ఎవరైనా షోలాపూర్, భివండీ పోయారా అని. పోయి ఉంటే పేరు, ఊరు, ఏ సంవత్సరమో ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ చరిత్ర ఎక్కువగా వాళ్ళ నోటిలోనే ఉంది. ఆ దారిలో వెళ్ళినప్పుడు పూర్వభాగ్‌లో ఒక గంట ఆగి, తెలుగులోనే పలకరించండి.