అరకటాకా ఇంట్లో అమ్మమ్మ గొంతు

నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1927లో కొలంబియాలోని అరకటాకాలో పుట్టాడు. అమ్మమ్మ ట్రాంకిలినా, తాత నికొలాస్ దగ్గరే బాల్యం గడిపాడు. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటితోటల పుణ్యాన ఒక్కసారిగా ఎదిగిన ఊరది. 1928లో సమ్మె చేస్తున్న ఆ తోటల కూలీల మీద సియెనగాలో సైన్యం కాల్పులు జరిపింది. ఆ ఘోరం గురించీ, పాత అంతర్యుద్ధాల గురించీ పిల్లవాడికి చెప్పింది తాతే. అందుకే మార్క్వెజ్‌కి అసలు గురువు తాతేనంటారు. ఆ మాటలో నిజం ఉంది, అయితే అది సగం నిజమే. తాత ఇచ్చింది కథావస్తువు. దాన్ని చెప్పే గొంతు మాత్రం అమ్మమ్మది. గువాహిరా ప్రాంతం నుంచి వలసవచ్చిన ఆ ఇంట్లో చనిపోయిన బంధువులు, శకునాలు, దయ్యాలు రోజువారీ సంగతులు. ఆమె వాటిని ముఖంలో ఏ మార్పూ లేకుండా, సంతలో ధరలు చెప్పినంత మామూలుగా చెప్పేది.

మార్క్వెజ్ కథన గొంతు అమ్మమ్మదే అనడానికి ఆధారం ఆయన నవలల్లోనే దొరుకుతుంది. 1955లో వచ్చిన తొలి నవల ‘లా ఓహరాస్కా’ జరిగేది ఆయన కల్పించిన మకోండో అనే ఊళ్లోనే. కానీ ముగ్గురి స్వగతాలతో నడిచే ఆ కథనం మీద అమెరికన్ రచయిత ఫాక్నర్ నీడ స్పష్టం. 1967 నాటి ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లోనూ అదే ఊరు, మారింది చెప్పే తీరు, అది అమ్మమ్మది. మరి కాఫ్కా ప్రభావం సంగతేమిటని అడగవచ్చు. విద్యార్థిగా కాఫ్కా ‘మెటమార్ఫసిస్’ చదివినప్పుడు, అమ్మమ్మ కథలు చెప్పే పద్ధతి కూడా ఇదేనని తనకు తోచిందని మార్క్వెజే చెప్పాడు. కాఫ్కా ఆయనకు కొత్త గొంతు ఇవ్వలేదు, ఇంట్లో విన్న గొంతుతోనే సాహిత్యం రాయవచ్చన్న ధైర్యం ఇచ్చాడు. ట్రాంకిలినాకు మాత్రం ఆ కథలు సాహిత్యం కాదు, తాను నమ్మిన లోకపు వార్తలు.