మన తండా, మన పంచాయతీ



మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి ఎన్నో సంచార జాతులపై దొంగల ముద్ర వేసింది. చట్టంలోంచి ఆ ముద్ర పోయింది 1952లో. తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 సవరణ చట్టంతో దక్కింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో స్థిరపడ్డా, మన తండాలు చాలాకాలం పెద్ద ఊరి పంచాయతీకి శివారుగానే మిగిలాయి. బోరు కావాలన్నా, వీధిదీపం కావాలన్నా అక్కడికే పోయి అడగాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అందరూ గిరిజనులే ఉన్నచోట సర్పంచ్, వార్డు పదవులన్నీ గిరిజనులకే. 2019 జనవరిలో మన సర్పంచులను మనమే ఎన్నుకున్నాం.

దీన్ని నిలుపుకోవడం ఎందుకు ముఖ్యమో ఇంగ్లండ్ చూస్తే తెలుస్తుంది. మన గోర్ బోలీ లాగే రోమా జాతి భాషకూ ఉత్తర భారత మూలాలున్నాయి. అక్కడ రోమాలకు, ఇతర సంచారులకు బండ్లు నిలుపుకునే స్థలం చూపే బాధ్యతను 1968 చట్టం స్థానిక కౌన్సిళ్లపై పెట్టింది. 1994లో మరో చట్టం దాన్ని తీసేసింది.

చట్టం ఇచ్చినదాన్ని చట్టమే తీసుకోగలదు. వాడుకునేవాళ్లుంటేనే హక్కు నిలుస్తుంది. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. వెళ్లండి, అడగండి, తీర్మానం పుస్తకంలో రాయించండి, చదివాకే సంతకం పెట్టండి. హాస్టల్లో మేము దిద్దించిన అక్షరం అక్కరకు రావాల్సింది అక్కడే.