మెట్లు దిగిన స్ప్రింగు

ఓడ అలల మీద ఊగుతుంటే అందులోని సున్నితమైన పరికరాలు కూడా ఊగుతాయి. యుద్ధనౌకలో అలా ఊగితే కుదరదు. 1943లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, క్రాంప్ నౌకాకేంద్రంలో పనిచేస్తున్న రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు ఈ సమస్య మీదే తలపట్టుకుని కూర్చున్నాడు. పరికరాన్ని స్ప్రింగుల మీద నిలబెడితే కుదుపులు దానిదాకా రావు. ఎలాంటి స్ప్రింగు, ఎంత బిగువు అన్నది తేలాలి. రకరకాల స్ప్రింగులు ముందేసుకుని చూస్తుండగా అలమరలో ఉన్న ఒకటి చెయ్యి తగిలి కిందపడింది.

అది దబ్బున పడి ఉంటే ఈ కథే లేదు. అది విల్లులా వంగి, తలని పక్కనున్న పుస్తకాల దొంతర మీద మోపింది. వెనకభాగం లేచి, ముందుభాగాన్ని దాటుకుని బల్ల మీద వాలింది. బల్ల మీంచి మళ్లీ అదే వరస. చివరికి నేల మీదకి దిగి, చుట్లన్నీ దగ్గరకు లాక్కుని నిటారుగా నిలబడింది.

స్లింకీ అనే బొమ్మ పుట్టుక గురించి ఎవరు చెప్పినా ఈ ఘట్టాన్ని ఊరిస్తూ చెబుతారు. ఆ తర్వాత గబగబా కోట్ల అమ్మకాల దగ్గరకు వెళ్లిపోతారు. నాకు ఈ కథలో ఆసక్తి కలిగించే భాగం దాదాపు అంతా ఆ స్ప్రింగు నేలమీదకి దిగిన తర్వాతే ఉంది.

ఇంటికెళ్లి రిచర్డ్ తన భార్య బెట్టీతో సరైన ఉక్కు, సరైన బిగువు దొరికితే దీన్ని నడిపించగలనని చెప్పాడు. బెట్టీకి మొదట అంత నమ్మకం కుదరలేదు. యుద్ధం జరుగుతున్న రోజులు, ఇంట్లో చిన్నపిల్లలు, మొగుడేమో స్ప్రింగు నడిపిస్తానంటున్నాడు. ఎవరికైనా కుదురుతుందా నమ్మకం? అయినా రిచర్డ్ వదల్లేదు. నౌకాకేంద్రంలో పడిన స్ప్రింగు బొమ్మగా పనికిరాదు. అది ఒకసారి దిగింది, అంతే. పదిసార్లు వదిలితే పదిసార్లూ దిగాలంటే తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య అన్నీ కుదరాలి. బిగువెక్కువైతే వంగదు. తక్కువైతే మొదటి మెట్టు మీదే కుప్పగా కూలబడుతుంది. ఏడాదికి పైగా తీగలు మార్చి మార్చి చూశాక, 98 చుట్లతో, సుమారు ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తుతో ఒక రూపం తేలింది. అందులో పట్టే తీగ దాదాపు 24 మీటర్లు. ఇరుగుపొరుగు పిల్లలు దాన్ని చూసి వదిలిపెట్టకపోవడంతో బెట్టీ మనసు కూడా మారింది. నిఘంటువు తిరగేసి దానికి పేరు పెట్టింది ఆవిడే.

దాని నడకలో మాయ ఏమీ లేదు. మెట్టు మీద నిలబెట్టి పై చుట్లను ముందుకి వంచి కిందిమెట్టు మీద పెడతాం. బరువు అటు జారుతుంది. ఆ లాగుడు ఒక అలలాగా చుట్టు నుంచి చుట్టుకు వెనక్కి పాకుతుంది. అల చివరకు చేరేసరికి మిగిలిన చుట్లు కూడా లేచి వచ్చేస్తాయి. వచ్చే వేగం తగినంత ఉంటుంది కాబట్టి అక్కడ ఆగవు, ముందుభాగం మీదుగా ఎగిరి తర్వాతి మెట్టు మీద పడతాయి. ప్రతి అడుగులోనూ రాపిడికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా భూమ్యాకర్షణ ఆ ఖర్చు పూడుస్తుంది. అందుకే చదును నేల మీద ఇది నడవలేదు. మెట్టు ఎత్తు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా నడక చెడుతుంది.

దీన్ని పైకొసతో పట్టుకుని వేలాడదీసి, సాగి కదలకుండా నిలిచాక వదిలేస్తే ఇంకో విడ్డూరం కనిపిస్తుంది. పైభాగం కిందకి దూసుకొస్తుంటే, కింది కొస మాత్రం గాల్లో అలాగే ఉండిపోతుంది! పైచుట్లు వచ్చి తగిలేదాకా అది కదలదు. పైన చెయ్యి వదిలిన సంగతి కింది కొసకి తెలియాలంటే ఆ కబురు కూడా అలగానే చుట్లమీదుగా రావాలి. అందాకా దాన్ని పైకి లాగే బిగువు లాగుతూనే ఉంటుంది. కంటితో చూస్తే నమ్మబుద్ధి కాదు. ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే తేటతెల్లమవుతుంది.

సరే, అంగడి సంగతికొద్దాం. 500 డాలర్లు అప్పు తెచ్చి, ఒక లేత్ షాపులో 400 స్లింకీలు చేయించారు. ఒక్కోదాన్నీ పసుపు కాగితంలో చేత్తో చుట్టారు. ధర డాలరు. కొట్లవాళ్లకు అది నచ్చలేదు. వాళ్లను మాత్రం ఏమంటాం? కీ లేదు, చక్రం లేదు, రంగు లేదు. అరలో పెడితే తుక్కుసామాన్ల కొట్లోంచి వచ్చిన తీగచుట్టలా ఉంటుంది. దాని గొప్పంతా కదిలినప్పుడే. చివరికి 1945 నవంబరులో, క్రిస్మస్ బేరాల ముందు, ఫిలడెల్ఫియాలోని గింబెల్స్ అనే పెద్ద దుకాణం బొమ్మల విభాగంలో ఒక ఏటవాలు బల్ల వేసుకోనిచ్చింది. ఒక్కటైనా అమ్ముడుపోకపోతే పరువు పోతుందని, బోణీ కోసం తెలిసినవాళ్ల చేతికి ముందే ఒక డాలరు ఇచ్చి ఉంచారని చెప్పుకుంటారు. ఆ డాలరు అవసరం పడలేదు. బల్ల మీంచి స్ప్రింగు అడుగులేసుకుంటూ దిగుతుంటే జనం మూగారు. 400 బొమ్మలూ గంటన్నరలో అయిపోయాయి.

తర్వాత రిచర్డ్ సొంతంగా యంత్రం తయారుచేశాడు. ఒక చివర తీగ పెడితే క్షణాల్లో స్లింకీ చుట్టి ఇచ్చేది. 1947లో పేటెంటు వచ్చింది. కంపెనీ పెరిగింది. సియాటిల్‌లో ఉండే హెలెన్ మాల్సెడ్ అనే ఆవిడ, దీనికి చక్రాలుంటే ఎలా ఉంటుందోనని తన కొడుకన్న మాట పట్టుకుని, లాగుడు బొమ్మల ఊహ కంపెనీకి రాసి పంపింది. టాయ్ స్టోరీ సినిమాలో పొట్టభాగం స్ప్రింగుగా ఉండే కుక్క అలా వచ్చిందే. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు స్లింకీని చెట్టుకొమ్మ మీదకి విసిరి రేడియో యాంటెన్నాగా వాడుకున్నారు. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ వ్యోమనౌకలో రియా సెడన్ అనే వ్యోమగామి దాన్ని అంతరిక్షంలో ఆడించి చూసింది. ‘కింద’ అనేదే లేని చోట దానికి నడక రాలేదు. మన దగ్గరైతే ధ్వని తరంగాల పాఠంలో సంపీడనాలు, విరళీకరణాలు చూపించడానికి స్లింకీ వచ్చింది. తిరునాళ్లలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ స్ప్రింగు దీని చుట్టమే. ఉక్కుదానికున్న బరువూ, ఆ సన్నని ఝణఝణా దానికి లేవు. ఒక్క సుగుణం మాత్రం రెండింటికీ ఉమ్మడి. ఒకసారి చిక్కుపడిందా, ఇక ఇంటిల్లిపాదీ కూర్చున్నా విడదు.

ఇక 1960. అప్పటికి జేమ్స్ దంపతులకు ఆరుగురు పిల్లలు, ఆఖరిబిడ్డకు రెండేళ్లు. రిచర్డ్ కొన్నాళ్లుగా మతబృందాల వైపు మళ్లి, కంపెనీ డబ్బు వాళ్లకు ధారపోస్తూ వచ్చాడు. ఆ ఏడాది ఇల్లూ కంపెనీ వదిలేసి, అలాంటి ఒక బృందంతో బొలీవియా వెళ్లిపోయాడు. మళ్లీ కాపురానికి రాలేదు. 1974లో అక్కడే పోయాడు. దేశమంతా ఎరిగిన బొమ్మ తయారుచేసిన మనిషి, నలభైల్లో ఉండగా, దాన్నలా కింద పెట్టి వెళ్లిపోవడం ఎందుకో ఎంత చదివినా నాకు అంతుపట్టదు.

బెట్టీ చేతికొచ్చింది అప్పులున్న కంపెనీ. అమ్మేసుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ మాత్రం నడుపుతానంది. అప్పిచ్చినవాళ్ల దగ్గరకెళ్లి కొంత గడువివ్వమని అడిగింది. పిల్లలతో సొంత ఊరు ఆల్టూనా చేరింది. ఫ్యాక్టరీ చూస్తే మూడువందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, ఫిలడెల్ఫియా దగ్గర ఉంది. ఆదివారం బయల్దేరి వెళ్లి, పిల్లలను ఆయా మీద వదిలి, గురువారానికి తిరిగొచ్చేది. కొన్నేళ్లకు ఫ్యాక్టరీనే ఆల్టూనా పక్కనున్న హాలిడేస్‌బర్గ్‌కు తరలించింది. 1962లో టీవీ కోసం ఒక చిన్న ప్రకటన పాట కట్టించారు. అమెరికాలో ఒక తరం మొత్తానికి అది నోటికొచ్చు.

ఆవిడ వ్యాపారంలో నన్ను ఆకట్టుకున్నది ధర. 1945లో డాలరుకి అమ్మిన బొమ్మ 1996లో కూడా మూడు డాలర్ల లోపే దొరికేది. అప్పుడొక పత్రిక అడిగితే, ఖరీదైన బొమ్మలు కొనుక్కోలేని పిల్లలు ఎందరో ఉన్నారని, వాళ్ల పట్ల తనకు బాధ్యత ఉందని చెప్పింది. ఇలాంటి మాటలు వ్యాపారులందరూ చెబుతారు. ఆవిడ మాటకు ధరల చీటీ సాక్ష్యం ఉంది. ఆ ధర నిలవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బొలీవియా వెళ్లిన మనిషి తయారుచేసిన యంత్రాలు ఇక్కడే ఉండిపోయాయి. హాలిడేస్‌బర్గ్‌లో దశాబ్దాల తరబడి స్లింకీలు చుట్టింది వాటిమీదే.

1998లో బెట్టీ కంపెనీని వేరే బొమ్మల సంస్థకు అమ్మింది. అప్పటికి ఆవిడకు ఎనభై. 2001లో ఈ ఊళ్లన్నీ ఉన్న పెన్సిల్వేనియా శాసనసభలో స్లింకీని తమ రాష్ట్ర అధికారిక బొమ్మగా ప్రకటించాలనే బిల్లు వచ్చింది. అమెరికా బొమ్మల పరిశ్రమ తన ప్రముఖుల జాబితాలో బెట్టీని చేర్చుకున్నది కూడా ఆ ఏడే. 2008లో ఆవిడ చనిపోయింది. 1947 నాటి పేటెంటు కాగితం మీద మాత్రం రిచర్డ్ పేరొక్కటే ఉంది.